సంతకాల వరుసలో ఒక ప్రశ్న

హైదరాబాద్‌ ఎన్టీఆర్‌ స్టేడియంలో జరిగిన పుస్తక ప్రదర్శనకు ఈసారి ముఖ్యంగా, కౌమారంలో ఉన్నవారి కోసం రాస్తున్న రచయితల సంతకాల కోసమే వెళ్లాను. 1947లో మొదలైన చందమామ పిల్లలకు కథల రుచి చూపించింది గానీ, ఆ వయసు దాటిన పదిహేనేళ్లవారికి తెలుగులో దొరికేవి ఇప్పటికీ తక్కువే.

వరుసలో నా ముందున్న అమ్మాయి, కథానాయిక ఇంట్లో చెప్పకుండా హాస్టల్‌ వదిలి వెళ్లడం సబబేనా అని నిలదీసినప్పుడు, రచయిత్రి కలానికి మూత పెట్టి, పక్కనున్న కుర్చీ చూపించి, ‘నువ్వైతే ఏం చేసేదానివమ్మా?’ అని అడిగారు. వెనకవాళ్లు విసుక్కున్నారు, నాకైతే సంతకం కన్నా ఆ మాటలే విలువైనవిగా తోచాయి. నా వంతు వచ్చాక ఆవిడ పేరు, తేదీ రాసి, సిరా అంటకుండా బిల్లు కాగితం మధ్యలో పెట్టి ఇచ్చారు. ఇలాంటి బల్లను స్టాలు మూలన కాక, వేదిక పక్కనే వేయించాల్సింది.