రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత?

ఉగాది రోజు గుళ్లో పంచాంగ శ్రవణం. పంతులుగారు మా రాశి దగ్గరికొచ్చి ఆదాయం తక్కువ, వ్యయం ఎక్కువ, రాజపూజ్యం అంతంతమాత్రం అనగానే మావారు నా చెవిలో, "మన ఎక్సెల్ షీటు ఈయనకెవరు చూపించారే?" అన్నారు. నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఆ షీటు నెల రోజులుగా మా డైనింగ్ టేబుల్ మీద అన్నం గిన్నెల పక్కనే ఉంటోంది. మే 1 లోపు మా పెద్దమ్మాయి ఏదో ఒక కాలేజీకి డిపాజిట్ కట్టాలి. చేతిలో నాలుగున్నాయి. తూర్పు తీరంలో పేరు చెబితే ఎవరైనా తలూపే ప్రైవేటు యూనివర్సిటీ ఒకటి, ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ, యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) ఆస్టిన్, మా ఇంటికి ఇరవై నిమిషాల్లో ఉన్న యూటీ డాలస్.

ప్రైవేటుది అన్నీ కలిపి ఏడాదికి దాదాపు 90 వేల డాలర్లు. తెనాలి నుంచి మా చిన్నాన్న, "తెలివైన పిల్ల కదమ్మా, స్కాలర్‌షిప్ ఇవ్వరూ?" అంటాడు. అలాంటి పెద్ద పేరున్న చోట్ల చాలావాటిలో, ఐవీ లీగ్ ఎనిమిదింటితో సహా, మార్కుల్ని చూసి డబ్బివ్వరు. ఇంటి ఆదాయం చూసి ఇస్తారు. మా ఇద్దరి జీతాలు, ఎవరికెంత పడుతుందో లెక్క చెప్పే కాలేజీవాళ్ల నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో కొడితే మొత్తం మీరే కట్టుకోండంది. పిల్ల పేరు మీద ఫెడరల్ లోను తీసుకుందామన్నా మొదటి ఏడాది 5,500 డాలర్లకు మించి రాదు. మిగతాది మా నెత్తినే.

పర్డ్యూని షీటులో పెట్టింది మావారు. 2013 నుంచి ఏళ్ల తరబడి అక్కడ ట్యూషన్ పెంచలేదు, మేం చూసినప్పుడు బయటి రాష్ట్రం వాళ్లకి ఏడాదికి 28 వేల డాలర్ల పైచిలుకే. ఇంజనీరింగ్‌లో మొదటి ఏడాది అందరికీ ఒకటే, తర్వాత బ్రాంచి ఎంచుకోవచ్చు. అన్నీ బాగానే ఉన్నాయి, మా అమ్మాయికి ఇంజనీరింగ్ వద్దు, అంతే.

అసలు గొడవ ఆస్టిన్ దగ్గర. టెక్సస్‌లో స్కూల్లో పిల్లల ర్యాంకు బాగుంటే ఆస్టిన్‌లో సీటు ఆటోమేటిక్. మా అమ్మాయి ఏడాదికి ఆ కోత టాప్ 6 శాతం. కానీ సీటుకే గ్యారంటీ, మేజర్‌కి, అంటే కోరుకున్న సబ్జెక్టుకి కాదు. నేను పట్టుబట్టి పెట్టించిన కంప్యూటర్ సైన్స్ రాలేదు, లిబరల్ ఆర్ట్స్ వచ్చింది. "ముందు చేరిపో, తర్వాత మారచ్చులే" అన్నాను. కంప్యూటర్ సైన్స్‌లోకి లోపలి నుంచి మారడం ఎంత కష్టమో తెలిసి కూడా అన్నాను.

నాకు తెలిసిన పద్ధతి అదే మరి. 1997లో ఎంసెట్ కౌన్సెలింగ్‌కి నాన్న నన్ను రాత్రి బండికి హైదరాబాదు తీసుకెళ్లాడు. మా ర్యాంకు పిలిచేసరికి అనుకున్న చోట ఈసీఈ అయిపోయింది. "సివిలైతేనేం, ఇంజనీరింగే కదా" అన్నాడు నాన్న. అంతే, నిమిషంలో తేలిపోయింది. ఇరవై ఏళ్ల పైబడి సాఫ్ట్‌వేర్ చేస్తున్నాను, ఒక్క బీమూ డిజైన్ చేయలేదు. ఈ కథ చెప్తే అమ్మాయి, "మరి నీకేం చదవాలనుండేది?" అంది. కాసేపు ఆలోచించి, తెలుగు ఎమ్మే అన్నాను. పకపకా నవ్వింది.

దానికేం కావాలో మాత్రం మా అమ్మ వల్ల తెలిసింది. రెండేళ్ల కిందట అమ్మకి పక్షవాతం వచ్చి మాట పోయింది. ఇప్పుడు కొంత వస్తోంది గానీ నీళ్లు అడగబోయి "చెప్పులు" అంటుంది. నేనైతే తొందరపడి మాట అందించేస్తాను. మనవరాలు అందించదు. వీడియో కాల్‌లో అరటిపండు బొమ్మ పట్టుకుని "అ..." అని ఆగుతుంది. అమ్మ పెదాలు కదులుతాయి. ఇది ఎదురుచూస్తూనే ఉంటుంది. ఒకరోజు ఏడు నిమిషాలు ఆగింది, గడియారం చూశాను.

మాట పోయినవాళ్లకి మాట తెప్పించే స్పీచ్ థెరపీయే దానికి కావాలి. ఆ పని చేయాలంటే ఇక్కడ మాస్టర్స్ తప్పనిసరి. అంటే డిగ్రీతో ఖర్చు ఆగదు. ఇది తెలిశాక మా షీటే మారిపోయింది. యూటీ డాలస్‌లో ఆ చదువుంది, మాటా వినికిడీ సమస్యలు చూసే క్యాలియర్ సెంటర్ వాళ్లదే, పైగా మా అమ్మాయికి అక్కడ ట్యూషన్ మొత్తం మాఫీ. దాచిందంతా మాస్టర్స్‌కి మిగులుతుంది.

మరి రాజపూజ్యం? మా సర్కిల్‌లో యూటీ డాలసంటే ఎమ్మెస్‌కి ఇండియా నుంచి దిగే కాలేజీ. మావారూ అక్కడే చదివారు, అయినా మొదట మొహం ముడిచింది ఆయనే. ఒక పాట్‌లక్‌లో పులిహోర వడ్డించుకుంటూ ఒకావిడ, "అయ్యో, ఆస్టిన్ రాలేదా?" అంది. వచ్చిందండీ అని నోటిదాకా వచ్చింది. పక్కనే అమ్మాయి ఉంది, ఊరుకున్నాను. ఇంటికొచ్చేటప్పుడు కారులో అదే అడిగింది, "వచ్చిందని ఎందుకు చెప్పలేదమ్మా?" అని.

యూటీ డాలస్‌కే డిపాజిట్ ఏప్రిల్ 28న కట్టేశాం. ఇప్పుడు కొత్త తగాదా. ఇరవై నిమిషాల దూరానికి హాస్టలేమిటి, ఇంట్లోంచే వెళ్లమని నేను. స్నేహితులందరూ డార్మ్‌లో ఉంటే రోజూ సాయంత్రం ఇంటికొచ్చి పప్పన్నం తినాలా అని అది. నిన్న షీటు తెరిచి చూస్తే కింద కొత్త వరస, "డార్మ్, రెండు సెమిస్టర్లు" అని. పక్క గడిలో అంకె కూడా వేసేశారు మావారు.