ఖాయమనుకున్న ఆస్కార్ ఎట్లా చేజారుతుంది?

చల్లగరిగె ఊరి పాటల రచయిత చంద్రబోస్ 2023లో 'నాటు నాటు'కు ఆస్కార్ అందుకున్నప్పటి నుంచి గోల్డెన్ గ్లోబ్, క్రిటిక్స్ ఛాయిస్ లాంటి పేర్లు ఓరుగల్లు వైపు కూడా బాగానే నలుగుతున్నాయి. ఎవరికైనా గ్లోబ్ రాగానే "ఇగ ఆస్కార్ ఆయనదే" అని తీర్పు చెప్పేస్తున్నారు. పాట విషయంలో ఆ తీర్పు నిజమైంది. గ్లోబ్, క్రిటిక్స్ ఛాయిస్ రెండూ వచ్చాయి, ఆస్కార్ కూడా వచ్చింది. నటన విభాగాల్లో మాత్రం ఈ లెక్క మస్తుసార్లు తప్పింది.

ముందు ఓటింగ్ సంగతి చూడాలి, ఎందుకంటే సగం తికమక అక్కడే ఉంది. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటేసినవాళ్లకు ప్రాధాన్య ఓటు గురించి చెప్పక్కర్లేదు. పేర్ల ఎదుట 1, 2, 3 అని అంకెలు వేస్తాం. సగానికి మించి మొదటి ప్రాధాన్య ఓట్లు ఎవరికీ రాకపోతే అడుగున ఉన్నవాళ్లను తీసేసి, వాళ్ల రెండో ప్రాధాన్య ఓట్లు మిగతావాళ్లకు కలుపుతారు. 2021లో వరంగల్-ఖమ్మం-నల్గొండ సీటు లెక్కింపు రోజుల తరబడి సాగింది అందుకే. ఆస్కార్‌లో ఉత్తమ చిత్రానికి ఇదే పద్ధతి. నటన విభాగాల్లో నామినేషన్ల దాకా కూడా ప్రాధాన్య ఓట్లే, అదీ నటుల శాఖ సభ్యులు మాత్రమే వేస్తారు. ఫైనల్‌కు వచ్చేసరికి కథ మారిపోతుంది. ఆస్కార్ ఇచ్చే అకాడమీలో పదివేలకు అటూ ఇటూగా ఉన్న ఓటర్లంతా, అంటే కెమెరావాళ్లు, ఎడిటర్లు, మేకప్ వాళ్లు, నిర్మాతలు అందరూ ఓటేయొచ్చు. తలా ఒక్క ఓటు, సర్పంచ్ ఎన్నికలాగా. ఒక్క ఓటు ఎక్కువొచ్చినా గెలిచినట్టే.

దీనివల్ల ఏమవుతుందో ఊహించిన అంకెలతో చూడండి. 9,000 ఓట్లు పోలయ్యాయనుకుందాం. ఐదుగురికి 2,900, 2,850, 1,500, 1,000, 750 పడ్డాయి. గెలిచినవాళ్లకు వచ్చింది 32 శాతం. రెండో స్థానంలో ఉన్న ఆ 2,850 మన 'ఖాయం' అభ్యర్థివే కావచ్చు. మిగతా మూడు వేల మంది పైచిలుకు ఓటర్లకు రెండో ఇష్టం ఆ మనిషే అయినా, దాన్ని రాసే చోటు బ్యాలెట్‌లో లేదు. పైగా అకాడమీ ఓట్ల లెక్క ఎప్పుడూ బయటపెట్టదు. ఎంత తేడాతో పోయిందో ఎవరికీ తెలియదు. 1969 వేడుకలో కేథరిన్ హెప్‌బర్న్, బార్బ్రా స్ట్రైసాండ్ ఇద్దరికీ ఉత్తమ నటి వచ్చిందంటే సరిసమానంగా ఓట్లు పడ్డాయని అర్థం. మన జాతీయ అవార్డుల్లో మాదిరి జ్యూరీ కూర్చుని ఇద్దరికీ పంచడం అక్కడ కుదరదు.

ఇక ముందస్తు అవార్డులు. నాలుగింటినే లెక్కలోకి తీసుకుంటారు. గోల్డెన్ గ్లోబ్ ఇచ్చేది పాత్రికేయులు. ఒకప్పుడు వంద మంది కూడా లేరు, ఇప్పుడు మూడు వందలు దాటారు. పైగా డ్రామాకు ఒకటి, మ్యూజికల్-కామెడీకి ఒకటి, అంటే ఒకే ఏడాది ఇద్దరు ఉత్తమ నటులు. క్రిటిక్స్ ఛాయిస్ ఇచ్చేది విమర్శకులు. ఈ రెండు గుంపులకూ అకాడమీ ఓటుతో సంబంధం లేదు. అమెరికా నటుల సంఘం స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్‌లో లక్షకు పైగా ఓటర్లు, ఎక్కువమంది నటన రంగంలో ఉన్నవాళ్లే. అకాడమీలో నటుల శాఖే అన్నిటికంటే పెద్దది కాబట్టి గిల్డ్ మాటకు బరువుంది. నాలుగోది బ్రిటన్ వాళ్ల బాఫ్టా. దాని ఓటర్లలో అన్ని శాఖల వాళ్లూ ఉంటారు, అకాడమీలో కూడా ఓటున్నవాళ్లు కొందరుంటారు. గత పదేళ్లలో అకాడమీ అమెరికా బయటి నుంచి చాలామందిని చేర్చుకుంది. బాఫ్టా మాట చెల్లుబాటు పెరగడానికి అదీ ఒక కారణం.

'ఖాయం' అనుకున్నవాళ్లు ఓడిన సందర్భాలు తిరగేస్తే ఒకే పగులు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. 2019లో 'ది వైఫ్'కు గ్లెన్ క్లోజ్ గ్లోబ్, గిల్డ్ గెలిచారు, క్రిటిక్స్ ఛాయిస్‌ను లేడీ గాగాతో పంచుకున్నారు. బాఫ్టా ఒలివియా కోల్‌మన్‌కు వెళ్లింది, ఆస్కార్ కూడా ఆమెకే. 2021లో చాడ్విక్ బోస్‌మన్‌కు మరణానంతరం గ్లోబ్, క్రిటిక్స్ ఛాయిస్, గిల్డ్ మూడూ వచ్చాయి. బాఫ్టా యాంథనీ హాప్కిన్స్‌ది. ఆ ఏడు నిర్వాహకులు ఉత్తమ చిత్రాన్ని ముందుకు జరిపి ఉత్తమ నటుణ్ని ఆఖరున పెట్టారు. తీరా కవరు విప్పితే హాప్కిన్స్ పేరు, ఆయనేమో హాల్లోనే లేరు. 2025లో డెమీ మూర్‌కు కూడా ఆ మూడే వచ్చాయి. బాఫ్టా, ఆస్కార్ మైకీ మాడిసన్‌కు.

"బాఫ్టావాళ్లు ఇంటివాళ్లకే ఇచ్చుకుంటారు" అనే మాట కోల్‌మన్, హాప్కిన్స్‌ల దగ్గర సరిపోయినట్టే ఉంటుంది. మాడిసన్ దగ్గర సరిపోదు. ఆమె అమెరికన్. ఆ ఏడాది బాఫ్టా పోటీలో సింథియా ఎరివో, మరియాన్ జాన్-బాప్టిస్ట్ ఇద్దరూ బ్రిటిష్ నటీమణులే, అయినా ఆమెకే ఇచ్చారు. అలాంటప్పుడు ఆ ఫలితాన్ని సీరియస్‌గా తీసుకోవాలి.

తేదీలు కూడా చూడాలి, చాలామంది చూడరు. 2025లో ఆస్కార్ తుది ఓటింగ్ ఫిబ్రవరి 11 నుంచి 18 దాకా జరిగింది. బాఫ్టా ఇచ్చింది 16న, ఓటింగ్ నడుస్తుండగా. గిల్డ్ అవార్డులు 23న. డెమీ మూర్ ఆ వేదిక మీద చెప్పిన మాటలు ఎంత కదిలించినా అప్పటికి పెట్టె మూసేసి ఐదు రోజులైంది. ఆ గెలుపు చూసి "ఇగ తిరుగులేదు" అన్నవాళ్లు ఈ ఒక్క తేదీ చూసుకుంటే సరిపోయేది. 2019లో బాఫ్టా ఫిబ్రవరి 10న, ఓటింగ్ మొదలైంది 12న. 2021లో బాఫ్టా ఏప్రిల్ రెండో వారంలో, ఓటింగ్ 15 నుంచి. ఓటరు లాగిన్ అయ్యే వేళకు అందరి నోటా ఎవరి పేరు ఉందన్నది చిన్న విషయం కాదు. హాప్కిన్స్ నటించిన 'ది ఫాదర్' అమెరికాలో విడుదలైందే ఫిబ్రవరి ఆఖర్లో. జనవరి నుంచి బోస్‌మన్ గురించి రాస్తున్నవాళ్లు, మార్చిలో ఆ సినిమా చూస్తున్న ఓటర్లను పట్టించుకోలేదు.

అట్లా అని బాఫ్టానే పట్టుకుని కూర్చుంటే 2023లో మునిగేవాళ్లు. 'నాటు నాటు' రాత్రే, మనం ఇక్కడ సోమవారం తెల్లారి ఐదున్నరకే టీవీల ముందు కూర్చున్న రోజే. ఆ ఏడు బాఫ్టా నటన అవార్డులు ఆస్టిన్ బట్లర్, కేట్ బ్లాంచెట్, బ్యారీ కియోగన్, కెర్రీ కాండన్‌లకు వెళ్లాయి. ఆస్కార్‌లో నలుగురూ ఓడిపోయారు. గిల్డ్ ఎంచుకున్న బ్రెండన్ ఫ్రేజర్, మిషెల్ యో, కీ హుయ్ క్వాన్, జేమీ లీ కర్టిస్ నలుగురూ గెలిచారు. బ్లాంచెట్ దగ్గర గ్లోబ్ డ్రామా, క్రిటిక్స్ ఛాయిస్, బాఫ్టా మూడున్నాయి. యో దగ్గర గిల్డ్, గ్లోబ్ కామెడీ. రెండేళ్లకే, 2025లో, బాఫ్టా నాలుగుకు నాలుగు సరిగ్గా చెప్పింది, గిల్డ్ రెండు తప్పింది.

ఈ రెండేళ్లకూ కలిపి అర్థం చెప్పేది సినిమా బలం. యో, క్వాన్, కర్టిస్ ముగ్గురూ 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్'వాళ్లు. దానికి 11 నామినేషన్లు, 7 ఆస్కార్లు, ఉత్తమ చిత్రం కూడా. బ్రిటన్‌లో ఆ సినిమా ఎక్కలేదు, బాఫ్టాలో ఎడిటింగ్ ఒక్కటే వచ్చింది. అంటే ఆ ఏడు బాఫ్టా అభిరుచికీ అకాడమీ అభిరుచికీ పొత్తు కుదరలేదు, నటన విభాగాల్లో కూడా అదే బయటపడింది. 2025లో మాడిసన్ సినిమా 'అనోరా' నిర్మాతల గిల్డ్, దర్శకుల గిల్డ్ అవార్డులు రెండూ ముందే కొట్టి ఉత్తమ చిత్రం దారిలో ఉంది. పాత ఓటములకూ ఈ కొలతే పెట్టండి. 'ది వైఫ్'కు వచ్చిన మొత్తం నామినేషన్లు ఒకటి, క్లోజ్‌ది మాత్రమే. కోల్‌మన్ సినిమా 'ది ఫేవరెట్'కు పది. బోస్‌మన్ సినిమాకు ఐదు వచ్చినా ఉత్తమ చిత్రం జాబితాలో లేదు, 'ది ఫాదర్' ఉంది. ఎక్కువమంది చూసిన సినిమాకు ఎక్కువ ఓట్లు పడతాయి, ఇందులో మర్మమేమీ లేదు.

ఇక్కడో మార్పు వచ్చింది. 2026 వేడుక నుంచి, ఒక విభాగంలో తుది ఓటు వేయాలంటే అందులో నామినేట్ అయిన సినిమాలన్నీ చూసి ఉండాలి. అకాడమీ సొంత స్ట్రీమింగ్ వేదికలో చూస్తే అదే నమోదవుతుంది, థియేటర్లో చూసినవాళ్లు ఎప్పుడు ఎక్కడ చూశారో ఫారం నింపాలి. ఒక్క నామినేషన్‌తో మిగిలిన చిన్న సినిమాలకు ఇది మేలు చేయొచ్చు. పేరు విని ఓటేసేవాళ్లు తగ్గితే, పేరు మీదే నడుస్తున్న ఫేవరెట్‌కు అంత మేర నష్టం. సినిమా బలం లెక్క దీంతో కొంత పలుచబడుతుందని నా అంచనా.

పేరు బాగా ఉండి కాగితాలు సరిగ్గా లేని ఫేవరెట్లు కూడా ఉంటారు. 2016లో ఉత్తమ సహాయ నటుడి విభాగంలో 'క్రీడ్'కు సిల్వెస్టర్ స్టాలోన్ గ్లోబ్, క్రిటిక్స్ ఛాయిస్ గెలిచారు కానీ గిల్డ్, బాఫ్టాల్లో నామినేషన్ కూడా రాలేదు. ఆస్కార్ మార్క్ రైలాన్స్‌కు పోయింది. 2019లో ఉత్తమ సహాయ నటి విభాగంలో రెజీనా కింగ్‌దీ అచ్చంగా అదే పరిస్థితి, ఆమె గెలిచారు. తేడా ప్రత్యర్థుల్లో ఉంది. రైలాన్స్ బాఫ్టా గెలిచి, ఉత్తమ చిత్రానికి పోటీపడుతున్న 'బ్రిడ్జ్ ఆఫ్ స్పైస్'తో వచ్చారు. కింగ్‌కు ఎదురుగా బాఫ్టా గెలిచిన రేచెల్ వైజ్ ఉన్నారు కానీ, పక్కనే అదే సినిమా నుంచి ఎమ్మా స్టోన్ కూడా ఉన్నారు. ఒకే సినిమావాళ్లు ఇద్దరుంటే ఓట్లు చీలతాయి. గిల్డ్ గెలిచిన ఎమిలీ బ్లంట్‌కు ఆస్కార్ నామినేషనే లేదు. కాబట్టి ఫేవరెట్ ఓడతారా అని అడిగేముందు, ఓడించేది ఎవరో ఒక పేరు చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ అనుమానాన్ని పక్కన పెట్టొచ్చు.

ఒకే ఏడాది నాలుగు అవార్డులు నలుగురికి పోవడం కూడా జరిగింది. 2021 ఉత్తమ నటి విభాగంలో గ్లోబ్ డ్రామా ఆండ్రా డేకు, క్రిటిక్స్ ఛాయిస్ కేరీ మలిగన్‌కు, గిల్డ్ వయోలా డేవిస్‌కు, బాఫ్టా ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్‌కు. ఆస్కార్ మెక్‌డార్మండ్‌దే. ఉత్తమ చిత్రం 'నోమాడ్‌లాండ్' ఆమెదే కదా. ఇంకో జాగ్రత్త: బాఫ్టా నటన నామినేషన్లలో కొన్నేళ్లుగా జ్యూరీల పాత్ర ఉంది. 2022లో బాఫ్టా ఉత్తమ నటి జాబితాకూ ఆస్కార్ జాబితాకూ ఒక్క పేరూ కలవలేదు. ఆ ఏడు ఆ విభాగంలో బాఫ్టా ఫలితం పనికిరాదు. ముందు జాబితాలు పక్కపక్కన పెట్టుకుని, తర్వాతే గెలుపోటములు చూడాలి.

మరి నాలుగుకు నాలుగూ గెలిస్తే? 2020లో వాకీన్ ఫీనిక్స్, రెనే జెల్‌వెగర్, బ్రాడ్ పిట్, లారా డెర్న్ నలుగురూ నాలుగేసి గెలిచారు, నలుగురికీ ఆస్కార్ వచ్చింది. 2025లో కీరన్ కల్కిన్, జోయీ సల్డానాలదీ అంతే. సల్డానా సినిమా 'ఎమీలియా పెరెజ్' కథానాయిక పాత ట్వీట్ల గొడవలో ఇరుక్కుని, 13 నామినేషన్లకు రెండే ఆస్కార్లతో మిగిలింది. అయినా ఆ రెంటిలో సల్డానాది ఒకటి. నాలుగూ ఉన్నవాళ్లు ఓడతారని పందెం కాయొద్దని నేనంటాను. కానీ 2002లో రసెల్ క్రో ఉన్నారు. నాలుగూ గెలిచారు, సినిమా 'ఎ బ్యూటిఫుల్ మైండ్' ఉత్తమ చిత్రం కూడా అయింది, అంటే నేను పైన చెప్పిన కొలతలన్నీ ఆయనవైపే. ఆస్కార్ మాత్రం డెంజెల్ వాషింగ్టన్‌కు ఇచ్చారు. అంతకుముందు ఏడే క్రో ఉత్తమ నటుడిగా గెలిచి ఉన్నారు. బాఫ్టా రాత్రి తన ప్రసంగంలో కవిత కత్తిరించారని టీవీ నిర్మాత మీదికి వెళ్లిన వార్త, ఓటింగ్ ముగియకముందే అంతటా పాకింది.

నా తూకం ఇది. నాలుగూ ఉంటే ఓడతారన్న అనుమానం వదిలేయండి. మూడుండి, లేనిది బాఫ్టా అయి, అది ఉత్తమ చిత్రం పోటీలో ఉన్న సినిమా నటికో నటుడికో వెళ్తే సగం సగం అనుకోండి. గ్లోబ్, క్రిటిక్స్ ఛాయిస్ మాత్రమే ఉంటే మైకుల ముందు ఫేవరెట్, ఓటర్ల దగ్గర ఇంకా కాదు. వేడుక నడుస్తుండగా అంచనా మార్చుకునేవాళ్లకు మాత్రం ఒక మాట. 2025లో ఉత్తమ నటి కవరు విప్పేసరికి 'అనోరా' స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్, దర్శకత్వం గెలిచేసింది, మాడిసన్ పేరు ఊహించడం కష్టం కాలేదు. 2019లో అదే పని చేసి ఉంటే తప్పేవాళ్లు. కోల్‌మన్ పేరు పిలిచే వేళకు 'ది ఫేవరెట్' పది నామినేషన్లలో ఏడు ఓడిపోయి ఉంది, ఆ తర్వాత దర్శకత్వం, ఉత్తమ చిత్రం కూడా ఓడింది. గెలిచింది ఆ ఒక్కటే.