మహాకాల తోక: మూడో ప్రయత్నంలోనూ అదే చోట పగులు

నా మట్టి డైనోసార్ బొమ్మ తోక మళ్లీ పగిలింది! నడుముకి సరిగ్గా 2 సెం.మీ. వెనక, పోయినసారి, అంటే రెండో ప్రయత్నంలో, పగిలిన చోటే. రాత్రి పదకొండింటికి ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) తలుపు తీసి ఆ గీత చూడగానే ప్రాణం ఉసూరుమంది.

చేస్తున్నది మహాకాల. 1992లో మంగోలియాలోని తోగ్రోగీన్ షిరేలో దొరికి, 2007లో పేరు పొందిన బుల్లి మాంసాహారి డైనోసార్. టిబెటన్ బౌద్ధంలోని ధర్మరక్షక దేవత పేరది. అసలు జంతువు దాదాపు 70 సెం.మీ. నేను మూడో వంతు సైజులో చేస్తున్నాను, అంటే 23 సెం.మీ. అందులో 12 తోకకే పోయింది. పొట్టి చేతులు, పైకెత్తిన కొడవలి గోరు ఒక్క సాయంత్రంలో కుదిరాయి.

తోకే మాట వినడం లేదు. మొదటిసారి 1.5 మి.మీ. అల్యూమినియం తీగ వాడితే కాలేటప్పుడు కొస 11 మి.మీ. కిందికి వాలింది. రెండు కాళ్ల మీద నిలిచే జంతువుకు తోకే తూకం, అది వాలితే బొమ్మలో ప్రాణం ఉండదు. రెండోసారి రెండు తీగలు మెలేశాను. వాలడం 4 మి.మీ.కి తగ్గింది కానీ సన్నటి పగులు వచ్చింది. వేడి ఎక్కువైందేమోనని విడిగా థర్మామీటర్ పెట్టి చూస్తే, డయల్ 130 దగ్గరుంటే లోపల 146 డిగ్రీలు! ఈసారి డయల్ 115కి తగ్గించి, లోపల 130 ఉందని చూసుకుని, తోక కింద దూది పరిచి కాల్చాను. కొస కదల్లేదు. పగులు మాత్రం 6 మి.మీ. పొడవున వచ్చింది.

కాబట్టి వేడి ఒక్కటే కారణం కాదు. ఆ చోట మందం 14 నుంచి 7 మి.మీ.కి ఒక్కసారిగా పడిపోతోంది. పైగా వెన్ను తీగకీ తోక తీగకీ ముడి వేసింది అక్కడే. ముడి సందుల్లో గాలి చిక్కి, వేడికి ఉబ్బి, మట్టిని చీలుస్తోందని నా అనుమానం.

వచ్చేసారి మెడ నుంచి తోక కొస దాకా ఒకటే తీగ. నడుము దగ్గర ఎం-సీల్ (కలిపి పెడితే గట్టిపడే ఎపాక్సీ ముద్ద) పూత పెట్టి రాత్రంతా ఆరనివ్వాలి. సన్న చెక్కడానికి అది నాకు నచ్చదు, లోపలి గట్టిదనానికి మాత్రం దాన్ని మించింది లేదు. కాల్చాక ఓటీజీ పూర్తిగా చల్లారేదాకా తలుపు తీయను.

ఆ తర్వాత తల. దొరికింది ఒక్కటే అస్థిపంజరం, అదీ అసంపూర్ణం. ముట్టె భాగమే లేదు. 2017లో పేరు పెట్టిన దగ్గరి బంధువు హల్స్కరాప్టర్‌ది పొడవాటి ముట్టె, దాన్ని చూసే మలుస్తాను. ఈకలు విడిగా అతికించాలా, మట్టిలోనే గీయాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ముందు చిన్న ముక్క మీద రెండూ చేసి చూడాలి.