డెంగీ తగ్గాక మొదలైన జుట్టు గొడవ

దీపావళి మర్నాడు బాత్రూంలో నీళ్ళు నిలిచిపోయాయి. జాలీ ఎత్తి చూస్తే కింద పిడికెడు జుట్టు. డెంగీ తగ్గి అప్పటికి రెండున్నర నెలలు. ప్లేట్‌లెట్ల టెన్షన్ మర్చిపోయి మామూలుగా ఆఫీసుకు వెళ్తున్నాను కూడా. జ్వరంలో ఊడని జుట్టు ఇప్పుడెందుకు ఊడుతోంది? నడుము దాటే జడ నాది. నెల తిరిగేసరికి బొటనవేలంత సన్నబడింది.

రాజమండ్రి నుంచి అమ్మ ఫోన్లోనే తేల్చేసింది: "ఆ హైదరాబాదు బోరు నీళ్ళేనే. ఇక్కడ గోదావరి నీళ్ళు పోసుకున్నన్నాళ్ళూ ఊడిందా?" నేనూ నమ్మేశాను. షవర్‌కి ఫిల్టర్ బిగించాను. ఉల్లిపాయ రసం పట్టించాను, రెండు రోజులు ఆఫీసులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. జుట్టుకు మంచిదంటే బయోటిన్ అనే విటమిన్ మాత్రలు కొన్నాను. పార్లర్‌లో ఒకామె జుట్టు నునుపు చేసే కెరటిన్ ట్రీట్‌మెంట్ చేయించుకోమంది, ఎనిమిది వేలట. నెలాఖరు కాబట్టి బతికిపోయాను.

చివరికి స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా చేత తెల్లకాగితం మీద తల దువ్వించారు. రాలినవాటిలో కొన్ని బారెడు పొడవు, ఒక కొసన ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి ఉండ. "ఇవి కుదుళ్ళ నుంచి ఊడినవి." ఇంకొన్ని వేలెడంతే, ఉండ లేదు. "ఇవి మధ్యలో తెగినవి. రెంటికీ కారణాలు వేరమ్మా."

ఊడినవాటికి కారణం జ్వరమే. ఒంటికి అంత దెబ్బ తగిలినప్పుడు, పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా వాటికి ఎదుగుదల ఒకేసారి ఆగిపోతుందట. ఆగినవి వెంటనే రాలవు, రెండు మూడు నెలలు కుదుట్లోనే ఉండి అప్పుడు రాలతాయి. రోజుకు 50 నుంచి 100 ఊడటం ఎవరికైనా మామూలే, నాకు అంతకు చాలా ఎక్కువ. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు, చాలామందికి ఆరు నెలల్లోపు దానంతటదే తగ్గుతుంది. బయోటిన్ ఉంటే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చని, ఆ మాత్రలు ఆపించాకే రక్తం తీయించారు. థైరాయిడ్ బాగానే ఉంది, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ మాత్రం 11, బాగా తక్కువ. ఐరన్ మాత్రలు రాశారు. వేసుకున్నాక గంటసేపు కాఫీ వద్దన్నారు. ఈ మొత్తం వైద్యంలో నాకు కష్టమైంది అదొక్కటే.

తెగినవాటికి మాత్రం నేనే కారణం. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ లెక్కన నా జడ కొస డిగ్రీలో ఉన్నప్పటిది, ఆరేడేళ్ళ పాతది. అంత పాత బట్టనైతే మెల్లగా ఉతుకుతాం. నేనేమో తడిజుట్టును టవల్లో మెలితిప్పి, ఆఫీసు టైమైపోతోందని సన్నపళ్ళ దువ్వెనతో మాడు నుంచి ఒక్క లాగు లాగేదాన్ని. టప్ టప్‌మని తెగే చప్పుడు వినిపించినా ఆగలేదు.

ఇప్పుడు పాత కాటన్ చీర ముక్కతో అద్ది వదిలేస్తాను. కాస్త ఆరాక వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి, చిక్కు విడిపించుకుంటూ పైకి వస్తాను. కొబ్బరినూనె తలంటుకు గంట ముందు, అదీ కొసలకే ఎక్కువ. వెంట్రుక లోపలికి ఇంకే నూనె అది, కడిగేటప్పుడు అరుగుదల తగ్గిస్తుంది. రాత్రిళ్ళు వదులుగా ఒక్క జడ. చిట్లిన కొసలు ఏం రాసినా అతుక్కోవు కాబట్టి నాలుగంగుళాలు కత్తిరించేశాను. అమ్మ రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు.

కుంకుడుకాయల మీద మాకింకా పేచీయే. బోరు నీళ్ళలో సబ్బులా తెట్టు కట్టదు, అది నిజం. గింజలు తీసి, వేణ్ణీళ్ళలో నానబెట్టి, పిసికి, పలచటి గుడ్డలో వడకట్టాలి. వడకట్టకపోతే ఆ తొక్కుముక్కలు ఏరేసరికి ఇంకో గుప్పెడు తెగుతాయి. కళ్ళ మంట సరేసరి. ఆదివారాలైతే ఓకే, మిగతా రోజుల్లో షాంపూనే.

సంక్రాంతికి ఊడటం తగ్గింది. ఉగాదికి ఇంటికెళ్తే అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, "నుదుటి మీద ఆ పిల్లవెంట్రుకలేంటే, గడ్డి మొలిచినట్టు? కాస్త నూనె రాసి అణచు" అంది. వేలెడంత కూడా లేవు, ఎంత దువ్వినా నిలబడే ఉన్నాయి. అణచలేదు. ఫోన్ కెమెరా పెట్టి, ఎన్నున్నాయో లెక్కపెట్టాను.