స్పానిష్ సాధన: పలకరింపు అయ్యాక ఏం మాట్లాడాలి?

ఈసారి నోట్‌బుక్‌ని రెండు వైపుల నుంచీ రాయడం మొదలుపెట్టాను. ముందు నుంచి పలకరింపులు, వెనక నుంచి మాటల మధ్యలో వాడుకునే ముక్కలు. రెండూ రోజూ వినపడేవే అయినా వాటి పని వేరు, కాబట్టి సాధన కూడా వేరుగానే చేస్తున్నాను.

"కే తాల్?" అంటే ఎలా ఉన్నావని. కానీ అలా అన్నవాళ్లు చాలాసార్లు నడుస్తూనే అంటారు. తిరిగి "ఓలా, కే తాల్" అనేస్తే చాలు, మన "ఏంటి సంగతులు?" లాగే. స్పెయిన్‌లో స్నేహితుల మధ్య "కే పాసా?", మెక్సికోలో "కే ఓందా?", కొలంబియాలో "కే మాస్?" నడుస్తాయి. కోస్టారికా వాళ్లకైతే "పూరా బీదా" అన్నది పలకరింపుకీ వీడ్కోలుకీ థాంక్స్‌కీ కూడా పనికొస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను ముందు చెప్పేది "బ్వేనాస్". పొద్దునా సాయంత్రమా అని చూసుకోకుండా దుకాణంలోకి అడుగుపెడుతూ అనేయొచ్చు. స్పెయిన్‌లో లిఫ్ట్ దిగేటప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్లకి కూడా "ఆస్తా ల్వేగో" అంటారు. మాటకి అర్థం తర్వాత కలుద్దామని, కలిసే పని మాత్రం ఉండదు.

నాతో భాష మార్చుకునే స్నేహితురాలిది కొలంబియా రాజధాని బొగోతా. ఆవిడకి నేను ఇంగ్లీషు, నాకు ఆవిడ స్పానిష్. మొన్నటి కాల్ ఇలా మొదలైంది: "ఆలో, కే మాస్? కోమో బాస్? బియేన్ ఓ కే?" (హలో, ఏంటి సంగతులు? ఎలా నడుస్తోంది? బాగానేనా?) మూడు ప్రశ్నలు, మధ్యలో ఊపిరి కూడా లేదు. దేనికీ విడిగా జవాబు అక్కర్లేదు. "బియేన్, బియేన్, ఈ తూ?" (బాగున్నా, బాగున్నా, మరి నువ్వు?) అన్నాను, పలకరింపు అయిపోయింది. ఆ తర్వాత "క్వేన్తామే" అంది, అంటే చెప్పు అని. అసలు సంభాషణ అక్కడ మొదలవుతుంది, అక్కడి నుంచి వెనక పేజీలు కావాలి.

ఆ పేజీల్లో నాకు బాగా ఇష్టమైనది "ఎస్ కే". విషయమేంటంటే అన్నట్టు. కాఫీకి రమ్మంటే ఉత్తి "నో" అంటే కటువుగా ఉంటుంది. "ఎస్ కే తెన్గో త్రబాహో", అంటే పనుంది, అంటే మెత్తగా ఉంటుంది. ఎదుటివాళ్లు చెప్పేది వింటున్నామని తెలియాలంటే "క్లారో" (అవును మరి), ఆశ్చర్యానికి "ఎన్ సేరియో?" (నిజంగానా?), గండం గడిచిందనడానికి "మేనోస్ మాల్". సరే అనడానికి మళ్లీ దేశానికో మాట: స్పెయిన్‌లో "బాలే", అర్జెంటీనాలో "దాలే", కొలంబియాలో "లిస్తో". ఇలాంటివి నాలుగు నోట్లో ఆడుతుంటే ఎదుటివాళ్లు మాట ఆపరు. నా అభిప్రాయంలో పది పలకరింపులు బట్టీ పట్టడం కంటే ఈ ముక్కలే ముందు రావాలి.

సాధన ఎలా అంటే: పాడ్‌కాస్ట్‌లో ఒక చిన్న భాగం వింటాను, ఆపుతాను, వాళ్ల స్పీడులోనే అని ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటాను, రెండూ పక్కపక్కన వింటాను. ప్రతి మాట పక్కన దేశం పేరు, నువ్వా మీరా అన్నదీ రాస్తాను. ఇది తప్పనిసరి. బొగోతాలో దగ్గరి స్నేహితులు కూడా "ఉస్తేద్" (మీరు) అనుకుంటారు, స్పెయిన్‌లో దుకాణం వాళ్లతో కూడా "తూ" (నువ్వు) నడిచిపోతుంది.

ఉచ్చారణలో తెలుగువాళ్లకి కలిసొచ్చేది చాలా ఉంది. స్పానిష్ "త" మన త లాగే పళ్లకి తగిలి వస్తుంది. "కోమో ఎస్తాస్"లో ఓ, ఎ మధ్య ఆగకూడదు, ఒకే మాటలా సాగాలి. సంధి తెలిసిన నోటికి అది వెంటనే పట్టుబడుతుంది. శ్రమ పడాల్సింది అచ్చుల మధ్య వచ్చే "ద" దగ్గర: "నాదా"లో నాలుక పళ్లకి ఆనీ ఆననట్టు ఉండాలి. రోజూ పళ్లు తోముకునేటప్పుడు అద్దం ముందు ఇదే పని.

ఇప్పుడు పలకరింపు దాటాక కాల్ చాలాసేపు స్పానిష్‌లోనే నడుస్తోంది, ఇంగ్లీషుకి మారడం బాగా తగ్గింది. తర్వాతి వంతు అర్జెంటీనాది. అక్కడ "తూ" బదులు "బోస్" వాడతారు, క్రియ ఒత్తు కూడా మారుతుంది: "కోమో ఆందాస్?"లో ఊనిక చివరి అక్షరం మీద పడాలి. బ్యూనస్ ఎయిర్స్ వాళ్ల రేడియో కార్యక్రమం ఒకటి ఇప్పటికే డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాను.