ఎర్ర గీత

హెడ్మాస్టారి గది ముందు వరండాలో, ఎడమచేతి వైపు రెండో స్తంభం గుర్తుందా? దాని మీద జేగురు రంగుతో అడ్డంగా ఒక గీత ఉండేది. ఆరో తరగతిలో చేరిన కొత్తలో అది మన నెత్తికి పైనుండేది. వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన మొదటిరోజు స్తంభానికి వీపు ఆనించి నిలబడి, ఎవడు గీత దాటాడో చూసుకునేవాళ్ళం. దాటినవాడికి ఆ సాయంత్రం లాంగ్ బెల్లు కొట్టే హక్కు. నేను ఎనిమిదిలో దాటాను. అటెండరు కళ్ళుగప్పి బెల్లు కొట్టాను, డ్రిల్లు మాస్టారి చేత వీపు విమానం మోత మోగించుకున్నాను.

ఆ గీత అక్కడ ఎందుకుందో మనలో ఒక్కడూ అడగలేదు. గేటు దగ్గర వేపచెట్టు ఎందుకుందని అడుగుతామా ఏమిటి.

మన బడి పూర్వ విద్యార్థుల సమావేశానికి వేసే సంచిక కమిటీవాళ్ళు ఫోన్ చేసి, "నువ్వు ఎక్స్‌ఛేంజి స్టూడెంటుగా జర్మనీ వెళ్ళొచ్చావు కదా, అది నీ జీవితాన్ని ఎలా మలిచిందో రాయి, పిల్లలకి పనికొస్తుంది" అన్నారు. రెండు వారాలు కలం కదల్లేదు. మలచడానికి నేనేమన్నా ముఖలింగం గుడి గోడమీద బొమ్మనా? చివరికి తేలిందేమిటంటే, జర్మనీ గురించి నేను చెప్పగలిగిందంతా ఆ గీత చుట్టూనే తిరుగుతోంది.

1995లో మన టెన్త్. తర్వాత శ్రీకాకుళంలో ఇంటరు, ఆంధ్రా యూనివర్సిటీలో సివిలు. 2001లో ఐఐటీ మద్రాసులో ఎం.టెక్ సీటొచ్చింది. ఆ ఐఐటీని 1959లో పెట్టిందే పశ్చిమ జర్మనీ సాయంతో, కాబట్టి అక్కడ జర్మనీ మాట వింత కాదు. డీఏఏడీ అనే జర్మన్ సంస్థ 1997 నుంచి ఐఐటీ పిల్లలకి ఒక స్కాలర్‌షిప్పు ఇచ్చేది. పాఠాలు ఇక్కడ, థీసిస్ పని కొన్ని నెలలు అక్కడి యూనివర్సిటీలో, పట్టా మళ్ళీ ఇక్కడే. పేరు శాండ్‌విచ్ ప్రోగ్రాం. అప్పటికి నేను శాండ్‌విచ్ తిని ఎరగను. నా నీళ్ళ సబ్జెక్టుకి దొరికిన చోటు డ్రెస్డెన్.

మా అమ్మకి చెబితే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఓరి గుంటడా, ఆ దేశంలో నీకు కూడెవులు పెడతారు?" రెండో ప్రశ్న: "ఏరున్నాదా?" ఉందన్నాను. "అయితే జాగర్త" అని, రెండు కేజీల చోడిపిండి, అదే రాగిపిండి, మూటగట్టింది.

ఏరుంటే జాగ్రత్త అనడం మా అమ్మకి అలవాటు. 1980 సెప్టెంబరులో వంశధార పొంగినప్పుడు నాకు ఏడాది. నన్ను చంకనేసుకుని ఆవిడ మన హైస్కూలు డాబా మీద రెండు రాత్రులు కూర్చుందట. ఈ కథ నా చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విని, అలవాటుగా ఆవలించేవాణ్ణి.

నేను డ్రెస్డెన్‌లో దిగింది 2002 సెప్టెంబరు ఆఖర్లో. ఆరు వారాల కిందటే ఆ ఊరు మునిగింది. ఆగస్టు 12న పక్క కొండల్లో జిన్‌వాల్ట్ అనే చోట ఒక్కరోజులో 312 మిల్లీమీటర్ల వాన పడింది. వైసెరిట్స్ అని ఒక చిన్న ఏరు ఉంది అక్కడ. ఊరు పెరుగుతోందని 19వ శతాబ్దం చివర్లో దాన్ని పక్కకి మళ్ళించి, పాత దారిని పూడ్చేశారు. ఆ రాత్రి ఏరు మళ్ళించిన దారి వదిలేసి, వందేళ్ళ కిందటి తన దారిలోకి వచ్చేసి, మెయిన్ రైల్వేస్టేషన్లోంచి ఊళ్ళోకి దూరింది. ఆ తర్వాత పెద్ద నది ఎల్బే వంతు. 17వ తేదీన 9 మీటర్ల 40 సెంటీమీటర్లకి చేరింది. అంతకు ముందు రికార్డు 1845 నాటిది, 8.77.

"ఏరు తన దారి మర్చిపోదురా" అని మన రేవు దగ్గర పడవ తాత అనేవాడు. పరాయి దేశంలో రైల్వేస్టేషన్లో నిలబడి, గోడల మీద ఇంకా ఆరని బురదచార చూస్తుంటే ఆ తాత గొంతు వినబడింది. నమ్మండి నమ్మకపోండి.

చలి, తిండి, భాష, సాయంత్రం నాలుక్కే చీకటి, ఇవి విదేశం వెళ్ళినవాళ్ళందరూ రాసేవే, వదిలేస్తున్నాను. రాత్రిపూట వాళ్ళు చల్లటి రొట్టె, జున్నులాంటిదేదో తిని పడుకుంటారు. నేను హాస్టలు వంటగదిలో చోడి అంబలి కాచుకుంటే పక్కగది కుర్రాడు తొంగిచూసి, "సిమెంటు కలుపుతున్నావా?" అన్నాడు. సివిలు వాణ్ణే కాబట్టి కోపం రాలేదు. ఆ కుర్రాడు ఇప్పటికీ స్నేహితుడే.

నవంబరులో ఒక శనివారం మా ప్రొఫెసరు నలుగురు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని పిర్నా తీసుకెళ్ళాడు. డ్రెస్డెన్‌కి ఎగువన, ఎల్బే ఒడ్డున పాత ఊరు. అక్కడ ఇళ్ళ గోడల మీద, చర్చి మీద రాతిలో చెక్కిన గీతలు. ఒక్కోదాని పక్కన ఒక సంవత్సరం. 1784. 1845. 1890. నది ఏ ఏడు ఎంత ఎత్తుకి వచ్చిందో ఆ రాళ్ళు చెబుతాయి. హోఖ్‌వాసర్‌మార్కె అంటారు, అంటే వరద గుర్తు.

ఒక ముసలాయన ఇంట్లోకి వెళ్ళాం. గోడకి ఛాతీ ఎత్తువరకూ గిలాబా మొత్తం చెక్కేసి, ఇటుక ఆరడానికి మిషన్లు పెట్టారు. ఇల్లంతా తడి గోనెసంచి వాసన. గదిలో ఒక్కచోట మాత్రం, తలుపు పక్కన, జానెడు వెడల్పు గిలాబా పట్టీని చెక్కకుండా వదిలేశారు. దాని మీద పెన్సిలు గీత, తేదీ. నీళ్ళు తీశాక కొడుకులు, ఇరుగుపొరుగు చీపుళ్ళూ పారలూ పట్టుకుని వస్తే, ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడి ఎవర్నీ లోపలికి రానివ్వలేదట. ముందు గీత గీశాడు, తర్వాతే ఊడవనిచ్చాడు. ఆయన మంచం, బట్టలు, పెళ్ళి ఫోటోలు అన్నీ బురదలో ఉన్నాయి అప్పటికి.

ప్రొఫెసరు మాకు ఆ గీత విలువ లెక్కలో చూపించాడు. చిన్న ఏర్ల మీద నీటిమట్టం కొలిచే గేజీలు కొన్ని వరదలోనే కొట్టుకుపోయాయి. నీళ్ళు ఎంత ఎత్తుకొచ్చాయో చెప్పడానికి ఇక మిగిలిన సాక్ష్యం గోడలే. కంప్యూటర్లో మనం ఎంత గొప్ప మోడల్ కట్టినా, అది చెప్పిన ఎత్తూ ముసలాయన గీతా కలవకపోతే తప్పు మోడల్‌దే. నా థీసిస్ అంతా ఆ పనే, గీతలకి లెక్క సరిపెట్టడం.

తిరుగు రైల్లో ఆయన నన్నడిగాడు: "మీ ఊళ్ళో నది ఉందన్నావు. అన్నిటికన్నా పెద్ద వరద ఎప్పుడు? ఎంత ఎత్తు?"

1980 అన్నాను. ఎత్తు తెలీదన్నాను. గుర్తులున్నాయా అంటే, మాకు అలాంటి అలవాటు లేదండీ అన్నాను. ఆయన ఏమీ అనలేదు, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. ఎల్బేలో 1845లో నీళ్ళెంతొచ్చాయో సెంటీమీటర్లతో చెప్పగలను. నన్ను మోసుకుని మా అమ్మ డాబా ఎక్కిన వరద మాత్రం నాకు ఆవిడ చెప్పే కథ, అంతే.

రాత్రి పడుకున్నాక, నిద్ర పట్టే ముందు, స్తంభం గుర్తొచ్చింది.

లేచి కూర్చున్నాను. తెల్లారాక సోషల్ మాస్టారికి ఉత్తరం రాశాను. పదిరోజులకి వెళ్ళిందో, పదిహేను రోజులకి వెళ్ళిందో. జవాబు మాత్రం క్రిస్మస్ ముందు వచ్చింది, నీలం ఏరోగ్రాంలో, బోర్డు మీద రాసినట్టే గుండ్రటి అక్షరాలు. "ఆ గీత నేనే గీసితిని. నీరు తీసిన మర్నాడు డ్రాయింగు మాస్టారి దగ్గర జేగురు అడిగి తెచ్చి గీసితిని. తేదీ కూడా వ్రాసితిని గాని మరుసటి ఏడు సున్నములో పోయినది. గీతను మాత్రము ప్రతి సున్నమునకు మరల దిద్దుచుంటిని. ఇన్ని బ్యాచీలలో అడిగినవాడవు నీవొక్కడివే. అదియును జర్మనీ పోయి అడిగితివి."

ఆ ఆఖరి వాక్యంలో మెచ్చుకోలు ఎంతో, మొట్టికాయ ఎంతో నాకిప్పటికీ తేలలేదు. మాస్టారు మనకి వదిలి వెళ్ళిన ఆస్తుల్లో ఆ ఏరోగ్రాం నా వాటా. లామినేషన్ చేయించాను.

2003 ఏప్రిల్లో వచ్చేశాను. రావాలి కాబట్టి వచ్చాను, ఆ స్కాలర్‌షిప్పు నియమమే అది, పట్టా ఇక్కడ కదా. కానీ చుట్టాలకి ఈ సంగతి ఎంత చెప్పినా ఎక్కలేదు. "ఎల్లినోడు ఎందుకొచ్చేసినాడు? అక్కడేటైనా అయినాదా?" అని పెళ్ళిళ్ళలో మా అమ్మ చెవిలో అడిగేవారు. నాతోపాటు వెళ్ళినవాళ్ళలో కొందరు పీహెచ్‌డీకి తిరిగి వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. నేనూ దరఖాస్తు పెట్టాను, రాలేదు. అది దాచిపెట్టి, మాతృభూమి మీద ప్రేమతో ఉండిపోయానని రాసుకుంటే మీరు నవ్వుతారు. కొన్నాళ్ళు బాధపడ్డాను. తర్వాత విజయనగరంలో ఒక ఇంజినీరింగు కాలేజీలో పాఠాలు చెప్పడానికి కుదురుకున్నాను. ఇరవై ఏళ్ళు దాటింది.

ఉద్యోగంలో చేరిన మొదటి వేసవి, కాలేజీ ల్యాబులో మూలపడున్న డంపీ లెవెల్ (ఎత్తులు కొలిచే పరికరం) ఒకటి, నలుగురు విద్యార్థుల్ని తీసుకుని మన ఊరొచ్చాను. గొట్టా బ్యారేజి ఎడమ కాలువ తూము మీద చెక్కిన బెంచ్‌మార్క్, అంటే ఎత్తు ముందే లెక్కగట్టి పెట్టిన గుర్తు, దగ్గర్నుంచి బయల్దేరి, పొలం గట్ల మీదుగా లెవెల్ తీసుకుంటూ బడి వరండాకి చేరాం. గీత వరండా గచ్చుకి నాలుగడుగుల తొమ్మిదంగుళాల పైనుంది. వచ్చేపోయేవాళ్ళు ఊరుకుంటారా? "ఏటి బావూ, రోడ్డేస్తారేటి?" అని ఒకరు. "భూములు తీసుకుంటారా?" అని ఇంకొకరు, ఈ ప్రశ్న అడిగినప్పుడు మొహంలో నవ్వు లేదు. వంశధార ప్రాజెక్టు కింద ఊళ్ళు ఖాళీ చేసిన జిల్లా మనది, లెవెల్ కాళ్ళు చూస్తే గుండె గుభేలుమంటుంది. 1980లో నీళ్ళెక్కడిదాకా వచ్చాయో కనుక్కుంటున్నాం అని చెబితే మాత్రం ప్రతి ఇంట్లోనూ ఒక ముసలమ్మ లేచి వచ్చేది. గోడ తడిమి, చెయ్యి పెట్టి చూపించేది. "గాదె మునిగినాది, అటక మునగనేదు." "నా పీకకాడికి. నాను అప్పుడు ఒంగనేదు మరి." ఆవిడ ఇప్పుడు వంగింది కాబట్టి ఆవిడ పొడుగైన కోడల్ని నిలబెట్టి కొలిచాం. మా విద్యార్థులు మొదట్లో నవ్వుకున్నారు. రెండు వీధుల అవతలున్న ఇద్దరు ముసలమ్మల చేతుల గుర్తులకి లెవెల్ పెడితే తేడా అంగుళంన్నర. నవ్వు ఆగింది.

అప్పట్నుంచి వీలైన ప్రతి వేసవీ ఇదే పని. వంశధార కింద కొన్ని ఊళ్ళు, నాగావళి కింద కొన్ని. ఎల్బే సంగతి వేరు, ప్రాగ్‌లో నీళ్ళు గరిష్ఠానికి చేరిన మూడురోజులకి గాని డ్రెస్డెన్‌లో చేరలేదు. మన ఏర్లు కొండ ఏర్లు. వంశధార పరీవాహకంలో సింహభాగం, నాగావళిదైతే దాదాపు సగం ఒడిశాలోనే ఉంది. అక్కడ కుంభవృష్టి కురిస్తే మనకి సర్దుకోడానికి దొరికేది గంటలే. ఏ మెట్టు దాకా నీరొస్తే ఏ వీధి లేవాలో ముందే తెలిసుంటే ఆ గంటలు కలిసొస్తాయి. నేను చేసేది ఆ మెట్లు లెక్కపెట్టడం. పెద్ద పరిశోధన కాదు. దీంతో ప్రమోషన్లు రావు, రాలేదు.

2018 ఆగస్టులో చోడి అంబలి సిమెంటు అన్నవాడు ఒక ఫోటో పంపాడు. కరువుకి ఎల్బేలో నీళ్ళు బాగా తగ్గిపోయి, చెక్ దేశంలో డెచిన్ దగ్గర నది అడుగున ఉండే రాయి బయటపడింది. దాని మీద 1616 అని, "నన్ను చూశావంటే ఏడువు" అని చెక్కుంది. వరదకి గోడ, కరువుకి రాయి. వీళ్ళకి ఏదైనా రాసిపెట్టుకోవడమే పని అనుకున్నాను.

రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస పక్కన తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరీ జీడీ నేలమట్టం. పైన ఒడిశాలో కురిసిన వానకి వంశధార పొంగింది. మా అమ్మ ఫోన్ మోగలేదు. కరెంటు లేదు, టవర్లు లేవు, రోడ్ల మీద చెట్లు. నేను ఊరు చేరింది మూడోనాడు.

ఊరు ఊరంతా బురద ఎత్తిపోస్తోంది. మా వీధిలో అన్ని గుమ్మాలూ కడిగేసి ఉన్నాయి, మా ఇల్లు తప్ప. లోపల గచ్చు మీద బురద పెంకు కట్టి పగుళ్ళిచ్చేసింది. మా అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది, పక్కన చీపురు.

"కడగలేదేమే?" అన్నాను. భయంతో గొంతు పెరిగింది.

"నువ్వొచ్చి గీసుకుంతావని కడగనేదు" అంది. "బడికాడ మాస్టారి గీతకి మూడు బెత్తల కిందకే ఆగినాది. సూసొచ్చినాను."

జేబులో పెన్నుంది. గీశాను. తర్వాత ఇద్దరం కడిగాం.

ఈమధ్య బడికి కొత్త రంగులేశారు. బాగుంది, మన రోజుల్లో లేని ఫ్యాన్లూ బల్లలూ వచ్చాయి, గోడల మీద బొమ్మలేశారు. రెండో స్తంభానికి కూడా అడుగు నుంచి కొస వరకూ రెండు పూతలు పడ్డాయి. వేసినవాళ్ళకి ఏం తెలుసు, చెప్పాల్సింది మనం. గీత పోయినా దాని మట్టం నా లెవెల్ పుస్తకంలో ఉంది, తూము మీద బెంచ్‌మార్క్ కూడా చెక్కుచెదరలేదు. సమావేశం రోజు పొద్దున్నే ఆరింటికి లెవెల్ పట్టుకుని తూము దగ్గరుంటాను, హెడ్మాస్టారి అనుమతి తీసుకున్నాను, జేగురు కూడా కొన్నాను. లెవెల్‌కి ఎదురుగా స్టాఫు, అంటే కొలతల కర్ర, నిటారుగా పట్టుకుని నిలబడడానికి ఒకరు కావాలి. గీత దాటిన వాళ్ళయితే మంచిది.