పెదవి పనిచేయని మాఘమాసం

నేను పెళ్లి బ్యాండ్‌లో ట్రాంబోన్ అనే ఇత్తడి వాయిద్యం ఊదుతాను. పెళ్లిళ్ల సీజన్ మొదలవుతుండగా ఒక పొద్దున పుక్కిలించిన నీళ్లు నా కుడి మూతి చివర నుంచి కారిపోయాయి. సాయంత్రానికి ఆ పక్క కన్ను మూతపడలేదు. మా ఆవిడ నా మొహం చూసి ‘పక్షవాతం’ అనే మాట బయటికి అనలేక ఆటో పిలిచింది.

ఎమర్జెన్సీలో నుదురు ముడతలు పెట్టమన్నారు. కుడివైపు నుదురు కదల్లేదు. మెదడులో స్ట్రోక్ వస్తే మామూలుగా నుదురు కదులుతుందట. నాకు మొహం నరమే వాచింది, దాన్ని బెల్స్ పాల్సీ అంటారు. స్టెరాయిడ్ మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెడితే మంచిదని వెంటనే రాశారు. అంత తొందరగా తేల్చిన ఆ డాక్టర్‌కు దండం పెట్టాలి. కానీ వెళ్లేముందు ఆయనే అన్నాడు: “ఇంక ఊదుడు మానేసి పాఠాలు చెప్పుకోండి, అదీ ఆదాయమేగా.”

ట్రాంబోన్‌కు ట్రంపెట్‌లా వేళ్లతో నొక్కే వాల్వులుండవు. ముందుకూ వెనక్కూ జరిపే గొట్టం, అంటే స్లైడ్‌కు ఉన్నవి ఏడు పొజిషన్లు. ఒక్కో పొజిషన్‌లో ఎన్నో స్వరాలు, అవన్నీ పెదవి బిగువులోనే మారాలి. సికింద్రాబాద్ సందుల్లో బరాత్‌లకు, అంటే పెళ్లి ఊరేగింపులకు వాయించినా, స్కూల్ బ్యాండ్ పిల్లలకు నేర్పినా నా పెట్టుబడి ఆ పెదవే. నేను వాయించి వినిపించకుండా పిల్లలకు ఏం నేర్పను?

ఆ మర్నాటి రాత్రి కన్ను ఎండిపోకుండా చుక్కలేసి, ప్లాస్టర్ అంటించి మా ఆవిడ నిద్రపోయింది. నేను వంటింట్లోకి పోయి పెదవి ఆనించి ఊదే మౌత్‌పీస్ తీసుకున్నాను. ఊదితే పంక్చరైన ట్యూబులా గాలి పక్కనుంచి పోయింది. వేలితో మూతి చివర నొక్కి పట్టుకుంటే ఒక్క క్షణం పెదవి అదిరి బజ్ వచ్చింది, ఆగిపోయింది. మళ్లీ మళ్లీ ఊదాను. ఈఎంఐ, అమ్మాయి కాలేజీ ఫీజు, అన్నీ అప్పుడే గుర్తొచ్చాయి. తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాను.

స్కూల్‌కు పోతే “మొహం బాగయ్యాక రండి సార్, పేరెంట్స్ అడుగుతున్నారు” అన్నారు. పాఠాలు చెప్పుకోమన్న డాక్టర్‌కు ఈ మాట ఎవరు చెప్పాలి? నిజానికి నాకు ప, బ, మ సరిగ్గా పలకడం లేదు. పిల్లలు మాత్రం నవ్వలేదు. ఆ మాటన్న పెద్దలను నేనింకా క్షమించలేదు.

మా బావ ఏదో ఆకు పసరు తెచ్చాడు. ఫిజియోథెరపీ అమ్మాయి మాత్రం “గట్టిగా ఊదొద్దు అంకుల్, అద్దం ముందు మెల్లగా చేయండి” అంది. వాయిద్యం తెమ్మని అడిగిన మొదటి మనిషి ఆమే. మా ఆవిడేమో ఉజ్జయిని మహంకాళికి బోనం మొక్కింది. ఆషాఢంలో ఎలాగూ పెళ్లిళ్లుండవు, తీర్చుకున్నాం. మందు పనిచేసిందా, అమ్మవారు చూసిందా అని నేను లెక్కలేయను. కానీ ఎవరికైనా మూతి వంకరైతే ‘గాలి సోకింది’ అంటూ ఇంట్లో కూర్చోకండి. అది స్ట్రోకా, నరమా అని తేల్చాల్సింది డాక్టరే.

ఇప్పుడు వాయిస్తున్నాను. పై స్వరాలకు పోతే కుడి కన్ను దానంతటదే మూసుకుంటుంది, నరం కొత్త దారి పట్టిందట. పొడుగు బరాత్‌లకు ఇంకో ట్రాంబోన్ కావాలని ముందే చెబుతున్నాను. స్కూల్ వాళ్లు మళ్లీ పిలిచారు. ఫీజు పెంచి అడిగాను, ఒప్పుకున్నారు.